బుల్లెట్టెక్కి ఎడారికి... ఏ ఎడారికి?

మా పొన్నూరులో అన్నీ ఉన్నాయి గానీ కొండ ఒక్కటే లేదు. భావనారాయణస్వామి గుడి ఉంది, నిడుబ్రోలు స్టేషనుంది, కొమ్మమూరు కాలవ ఉంది, ఎటు చూసినా నల్లరేగడి, పచ్చని చేలు. కొండ చూడాలంటే మాత్రం మంగళగిరో, కొండవీడో పోవాల్సిందే. ఇక ఎడారంటారా? అది మాకు వెండితెర మీద తప్ప తెలీదు.

ఆ తెర మీద ఎడారిని మాకు చూపించిందీ మా పక్కూరి మనిషే! తెనాలి పక్కన బుర్రిపాలెం. పొన్నూరులో బయల్దేరితే గంటలోపే చేరతాం. 1943 మే 31న అక్కడ పుట్టిన ఘట్టమనేని కృష్ణ, 1971 ఆగస్టు 27న 'మోసగాళ్ళకు మోసగాడు'గా గుర్రమెక్కి వచ్చాడు. పద్మాలయా వారి చిత్రం, ఆరుద్ర రచన, కె.యస్.ఆర్. దాస్ దర్శకత్వం, వి.యస్.ఆర్. స్వామి కెమెరా. హాలీవుడ్ కౌబాయ్ సినిమాల ఊపులో ఉన్న ఆ రోజుల్లో, మద్రాసు స్టూడియో ఫ్లోర్లు వదిలేసి యూనిట్ మొత్తం రాజస్థాన్ ఇసుకలకీ, హిమాచల్ కొండలకీ తరలిపోయింది. వరి చేల గట్ల మీద పెరిగినవాళ్ళకి టోపీ, తోలు కోటు, తుపాకీ, దుమ్ము రేపే గుర్రం... ఇంకేం కావాలి చెప్పండి! 2023లో ఆయన పుట్టినరోజుకి ఆ సినిమాని కొత్త ప్రింటుతో మళ్ళీ విడుదల చేశారు. అప్పటికి ఆయన లేడు, 2022 నవంబరు 15న వెళ్ళిపోయాడు. హాల్లో ఈలలు మాత్రం పాతవే.

ఆ రీ-రిలీజు చూసి బయటికొచ్చిన రాత్రే మా బృందంలో ఈ తెగులు పుట్టింది. "గుర్రాలు లేకపోతే మోటార్ సైకిళ్ళున్నాయిగా! డేరాలు కట్టుకుని ఎడారీ కొండలూ చుట్టొద్దాం" అన్నారు మాస్టారు. అప్పట్నుంచీ ప్లాను సాగుతూనే ఉంది. మన నిర్మాతలు కథ మీద కూర్చున్నట్టు మేమూ కూర్చున్నాం. ఆ చర్చలు మీకూ పనికొస్తాయని ఈ వారం ఇదే ముచ్చట.

తారాగణం

ముందు ఆర్టిస్టుల్ని పరిచయం చేయాలి కదా. మొత్తం ముగ్గురం. ఒకరు లెక్కల మాస్టారు. బండి పాత బుల్లెట్. రెండో మనిషి మా బావ, నాలుగెకరాల రైతు. బండి మామూలు నూట ఏభై సీసీది. మూడోవాణ్ణి నేను. పేపర్లకి రాసుకుని బతికేవాణ్ణి గనక జేబు కంటే నోరు పెద్దది. తెర వెనక సాంకేతిక నిపుణుడు మా మెకానిక్ బాబాయి. ఆయన రాడు, సలహాలు మాత్రం పంపుతాడు.

సెన్సారు బోర్డు మా అమ్మ. "ఇల్లూ వాకిలీ ఉన్నవాళ్ళు డేరాల్లో పడుకోడమేంట్రా నాయనా, ఏం ఖర్మ!" అంది. కట్స్ చెప్పింది: రాత్రిళ్ళు బండి నడపకూడదు, రోజూ ఫోన్ చెయ్యాలి, హెల్మెట్ తియ్యకూడదు. మూడూ న్యాయమైనవే. సర్టిఫికెట్ పుచ్చుకున్నాం.

కథాచర్చలు

మాస్టారి స్క్రిప్టు బికనీరు. పొన్నూరు నుంచి హైదరాబాదు, నాగపూరు మీదుగా రాజస్థాన్. అక్కణ్ణుంచి సిమ్లా వైపు. కృష్ణగారు గుర్రం దౌడు తీయించిన చోట మనం బండి ఆపి ఫోటో దిగాలి! చెప్పడానికి బ్రహ్మాండంగా ఉంది. లెక్క వేస్తే బికనీరుకే రెండు వేల కిలోమీటర్ల దరిదాపు. అక్కణ్ణుంచి సిమ్లాకి ఇంకో ఆరు వందలు. మళ్ళీ వెనక్కి రావాలి కదా. రోజుకి మూడొందల చొప్పున వేసుకున్నా రానూపోనూ పదిహేడు, పద్దెనిమిది రోజులు. మాస్టారికి అన్ని సెలవులు లేవు. బావకి చేను ఊరుకోదు. నాకు సెలవులున్నాయి, డబ్బుల్లేవు.

అప్పుడు బావ అడిగిన ప్రశ్న ఉంది చూశారూ, అది కథనే మార్చేసింది. "ఎడారి చూడ్డానికి అంత దూరమెందుకు మాస్టారూ? మన అనంతపురంలో లేదూ?"

మాస్టారు నవ్వారు. నేనూ నవ్వబోయాను గానీ బావ మొహం చూసి ఆగాను. మనిషి సరదాగా అనలేదు. "కణేకల్లు వైపు చేలల్లో ఇసుక మేటలేస్తోందిట. నదిలోంచి గాలి కొట్టుకొచ్చి పోస్తోందిట. మా తోటి రైతొకాయన చెప్పాడు" అన్నాడు.

మేట అన్న మాట వినగానే డెల్టా రైతుకి ఒళ్ళు జలదరిస్తుంది. వరదొస్తే చేలో ఇసుక మేట. అది తీస్తేనే పైరు. మాకు నీళ్ళు తెచ్చిపోసే ఇసుక అది. గాలి తెచ్చిపోసే ఇసుక సంగతి మాకు కొత్త.

లొకేషన్ వేట

తిరగేస్తే బావ మాట అక్షరాలా నిజం. కర్ణాటకలో పుట్టిన వేదవతి నది, ఆ ప్రాంతంలో దాన్నే హగరి అంటారు, భైరవానితిప్ప మీదుగా అనంతపురం జిల్లాలోకొచ్చి కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల దాపున పోయి తుంగభద్రలో కలుస్తుంది. పేరుకి నది. ఏడాదిలో చాలాకాలం ఎండిన ఇసుక. నైరుతి గాలులు మొదలవగానే, జూన్ నుంచి ఆగస్టు దాకా, పడమటి నుంచి గాలి ఆ ఇసుకనెత్తి పక్క చేల మీద పోస్తుంది. అది దిబ్బలవుతుంది, దిబ్బలు జరుగుతాయి. నిరుడు వేరుశనగ వేసిన చేను ఈ ఏడు ఇసుక తిన్నె!

దీనికి కారణం వెతికితే భూగోళం పాఠంలోకి వెళ్ళాలి. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదే తమ సరుకు దించేసుకుని తేలికై వస్తాయి. ఈశాన్య మేఘాలు మన కోస్తాను ముంచి, అంత దూరం పోయేసరికి అలసిపోతాయి. రెండు విందులకీ పిలుపుండీ విస్తరి దక్కని చుట్టం లాంటిది అనంతపురం. ఏడాది సగటు వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో జైసల్మేరు తర్వాత అంత తక్కువ వాన పడే జిల్లాగా దీన్ని చెబుతుంటారు. జైసల్మేరుతో పోలిస్తే వాన ఎక్కువే. అయినా ఎండిన నది, ఎడతెగని గాలి, చెట్టు లేని నేల మూడూ కలిస్తే ఎడారి తయారవుతుందన్న మాట.

ఇక్కడో సంగతి చెప్పుకోవాలి. మనం తెర మీద రాయలసీమని ఎన్నిసార్లు చూడలేదు! 'సమరసింహారెడ్డి' 1999లో, 'ఆది', 'ఇంద్ర' 2002లో... సుమోలు లేచాయి, బాంబులు పేలాయి, తొడలు మోగాయి. మేమూ ఈలలేశాం, కాదనను. ఆ హోరులో జనానికి సీమంటే కత్తి అనే గుర్తుండిపోయింది. నీళ్ళకోసం వెయ్యి అడుగులు బోరు దింపి, పడకపోతే పక్కనే ఇంకోటి వేసి, అప్పుతో మునిగిపోయిన రైతుని హీరోగా పెట్టి ఎన్ని సినిమాలొచ్చాయి? వేళ్ళు మడవండి చూద్దాం. ఒక చెయ్యి చాలదూ?

అందుకే ముగ్గురం ఏకగ్రీవంగా స్క్రిప్టు మార్చాం. బికనీరు రెండో భాగానికి వాయిదా. మొదటి భాగం సీమ: ఎడారీ ఉంది, కొండలూ ఉన్నాయి, లోయ ఉంది, గుహలున్నాయి. మొత్తం పదిహేను వందల కిలోమీటర్ల దరిదాపు. తొమ్మిది రోజులు.

దారి వివరం

మొదటిరోజు: తెల్లారి అయిదింటికి పొన్నూరు. గుంటూరు, నరసరావుపేట, వినుకొండ, కంభం, గిద్దలూరు, నల్లమల ఘాటు దిగి నంద్యాల. సుమారు 280 కిలోమీటర్లు. కంభంలో విజయనగర రాజుల కాలంనాటి చెరువుంది. గుండ్లకమ్మకి రెండు కొండల మధ్య కట్టేశారు. ఇవాళ్టికీ పొలాలు తడుపుతోంది. చెరువుగట్టు మీద మధ్యాహ్నం చద్దన్నం. ఇక్కడో హెచ్చరిక! గిద్దలూరు దాటాక అడవి. అది పులులున్న నల్లమల. అటవీశాఖ అనుమతి లేకుండా అడవిలో డేరా వేయడం నేరం, ప్రాణానికి ముప్పు కూడాను. శ్రీశైలం దారిలోనైతే రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా గేటే వేసేస్తారు. కాబట్టి ఎండ ఉండగానే ఘాటు దిగాలి. ఆ రాత్రి నంద్యాలలో లాడ్జి. ముచ్చటకోసం డేరా, నడుంకోసం మంచం.

రెండోరోజు: బనగానపల్లె మీదుగా బెలుం గుహలు. మన బంగినపల్లి మామిడికి పేరిచ్చిన ఊరిదే. మేం పోయేది పూతకాలం గనక పళ్ళ ఆశ లేదు. కొలిమిగుండ్ల చుట్టుపక్కల నాపరాళ్ళ గనులు. మనింటి అరుగుల మీద పరిచిన రాళ్ళు ఏ నేల కడుపులోంచి వచ్చాయో కళ్ళారా చూడొచ్చు. గుహల పొడవు 3,229 మీటర్లు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూగర్భ శాస్త్రవేత్త వీటిని నమోదు చేశాడు. వంద సంవత్సరాలు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1982, 83ల్లో డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం కొలిచి పటం గీసింది. జనానికి తలుపులు తీసింది 2002లో. లోపల ఉక్కపోత, కాబట్టి తోలుకోటు హీరోయిజం బండి మీదే వదిలేయండి.

సాయంత్రానికి జమ్మలమడుగు మీదుగా గండికోట. అక్కడ ఎర్రమల కొండల్ని పెన్న కోసుకుంటూ పోయింది. అంచు నుంచి కిందికి సుమారు మూడొందల అడుగులు. పెమ్మసానివారి కోట, మాధవరాయస్వామి గుడి, మసీదు, ధాన్యపు కొట్టు. 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే మీర్ జుమ్లాని కలవడానికి ఇక్కడికే వచ్చాడు. అమెరికా గ్రాండ్ కాన్యన్‌తో పోలుస్తుంటారు గానీ ఎందుకండీ ఆ పోలిక! పెన్నకి పెన్నే సాటి.

డేరా వేయడానికి గండికోట మంచి చోటు. టూరిజం వారి హోటలుంది, స్థానికులు డేరాలు అద్దెకీ ఇస్తారు. ఒక్కటే జాగ్రత్త: లోయ అంచున చాలాచోట్ల కంచె లేదు. చీకట్లో నడవొద్దు. సెల్ఫీకోసం వెనక్కి వెనక్కి అడుగులెయ్యొద్దు. క్లైమాక్స్ అక్కడే అయిపోకూడదు కదా!

ఆ లోయలో నీళ్ళు నిండుగా కనబడితే ఒక్క నిమిషం ఆలోచించండి. అది గండికోట రిజర్వాయరు నీరు. 26.85 టి.ఎం.సి.ల జలాశయం. దాని కింద మునిగిన ఊళ్ళున్నాయి. పక్క చేలు తడవడంకోసం ఇల్లూ వాకిలీ వదిలిన జనం ఉన్నారు. మన ఫోటోలో నీలంగా మెరిసే ఆ నీటి అడుగున ఎవరి గడపో ఉంది.

మూడోరోజు తాడిపత్రి మీదుగా అనంతపురం. సుమారు 130 కిలోమీటర్లు. తొందర లేదు, తాడిపత్రి గుళ్ళ శిల్పాలు చూసుకుంటూ పోవచ్చు. నాలుగోరోజు కళ్యాణదుర్గం మీదుగా రాయదుర్గం. కోట ఉంది, కొండ ఉంది. అయిదోరోజు కణేకల్లు, బొమ్మనహాళ్, హగరి ఒడ్డు ఇసుక దిబ్బలు. మా ప్రయాణానికి అదే ఇంటర్వెల్ బ్యాంగ్.

ఆరోరోజు పెనుకొండ, లేపాక్షి. తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధాని పెట్టుకున్న ఊరు పెనుకొండ. లేపాక్షి బసవన్న గురించి మీకు చెప్పక్కర్లేదు. ఒకే రాతిలో పదిహేను అడుగుల ఎత్తు. ఏడోరోజు కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను. చెట్టొకటే, నీడ దాదాపు అయిదెకరాలు! మా బావ చేను కంటే పెద్దది. అక్కణ్ణుంచి మదనపల్లె, సాయంత్రానికి హార్స్‌లీ హిల్స్. అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. కడప కలెక్టరుగా చేసిన హార్స్‌లీ దొర బంగళా కట్టుకోవడంతో ఆ పేరు మరుగున పడింది. నాలుగు వేల అడుగుల పైచిలుకు ఎత్తు. జనవరి రాత్రి అక్కడ డెల్టావాడి పళ్ళు తాళం వేస్తాయి. ఎనిమిదోరోజు రాయచోటి మీదుగా కడప. తొమ్మిదోరోజు బద్వేలు, నెల్లూరు, ఒంగోలు, చీరాల, బాపట్ల... ఇల్లు! ఆ రోజు 360 కిలోమీటర్ల దాకా ఉంటుంది. చాలదనుకుంటే ఒంగోలులో పడుకుని పదోరోజు రండి, కొంపలేం మునగవు.

షూటింగు స్థలాలు చూడాలన్న పిచ్చి మరీ ముదిరితే, నంద్యాల నుంచి కర్నూలు దారిలో ఓర్వకల్లు రాళ్ళవనం ఉంది. 2013 జులైలో 'బాహుబలి' షూటింగు మొదలైంది అక్కడే. ఒక పూట అదనం.

కాల్షీట్లు

ఎప్పుడెళ్ళాలి? ఎండాకాలం ఊసే వద్దు, సీమ రోడ్డు మీద పెనం కాలుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా గాలి కణేకల్లులో కళ్ళు తెరవనివ్వదు. అక్టోబరు, నవంబరు, డిసెంబరు మన కోస్తాకి తుపాన్ల కాలం. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన మన పెద్దవాళ్ళు ఇంకా మర్చిపోలేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోతకొచ్చిన వరి నీళ్ళలో తేలింది. మా బావ ఆ వారం అన్నం తినలేదు.

సంక్రాంతికి ఊరు వదిలితే మా అమ్మ సర్టిఫికెట్ రద్దు చేస్తుంది. కనుక పండగ వెళ్ళాక, జనవరి చివరి వారం. అప్పటికి వరి ఇంటికొస్తుంది. మాగాణిలో చల్లిన మినుము మొలిచి నిలదొక్కుకుంటుంది. కోతకి ఇంకా సమయం ఉంటుంది. బావకి దొరికే సెలవు ఆ పది రోజులే. రైతు కాల్షీటు దొరకడం సూపర్‌స్టార్ కాల్షీటు కంటే కష్టం సుమండీ!

ప్రొడక్షన్ సామాను

మెకానిక్ బాబాయి రాయించిన జాబితా ఇది. కత్తిరించి దాచుకోండి.

బండికి: ప్రయాణానికి వారం ముందే ఆయిలు మార్పించాలి. చైను, బ్రేకులు, టైర్లు చూపించాలి. కొత్త టైరు, కొత్త చైను వేయిస్తే బయల్దేరే ముందు వంద కిలోమీటర్లయినా తిప్పాలి. వెంట క్లచ్ వైరు, యాక్సిలరేటర్ వైరు, స్పార్క్ ప్లగ్గు, ట్యూబు, పంక్చర్ సామాను, చిన్న గాలిపంపు. "బండి గొప్పదా కాదా అని కాదురా అబ్బాయ్, పంక్చరు నువ్వు వేసుకోగలవా లేదా అని చూసుకో" అన్నాడు బాబాయి. మా ఇంటిముందు ముగ్గురిచేతా చక్రం ఊడదీయించి, మళ్ళీ బిగించేదాకా కదలనివ్వలేదు. మాస్టారికి నలభై నిమిషాలు పట్టింది.

బరువు: ఎత్తుగా పేర్చొద్దు. బరువైనవి కిందా, సీటుకి దగ్గరగా రెండువైపులా సమంగా. ఇసుక మీద బండి దిగినప్పుడు ముందు బ్రేకు గట్టిగా నొక్కొద్దు. ఇసుక దిబ్బ మీదికి బండి ఎక్కించే సాహసం అసలే వద్దు. రోడ్డు పక్కనాపి నడిచి వెళ్ళండి. అది ఒకరి చేను కూడా కావొచ్చు.

మనిషికి: ఐ.ఎస్.ఐ. గుర్తున్న హెల్మెట్, చేతి తొడుగులు, మడమ కప్పే బూట్లు. తలా అయిదు లీటర్ల నీళ్ళు. రెండు దుప్పట్లు. జిప్పుతో పూర్తిగా మూసుకునే డేరా. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేలమీద పడుకున్నవాడి పక్కలో చేరుతుంది. దాని కాటు ఒక్కోసారి నొప్పి కూడా తెలియదు. అనుమానం వస్తే మంత్రం, పసరు, కోయడం, కట్టడం వద్దు. కదలకుండా పడుకోబెట్టి నేరుగా పెద్ద ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాలి. పొద్దున బూట్లు దులిపి తొడగండి, తేళ్ళుంటాయి. డేరాలో స్టవ్ వెలిగించొద్దు, పెట్రోలు బండి దగ్గర అసలే వద్దు.

తిండికి: అమ్మ కట్టిచ్చే గోంగూర పచ్చడి, కందిపొడి, పాకంలో వేసిన అరిసెలు. కానీ సీమకెళ్ళి మన పచ్చడి తింటూ కూర్చోవడం అన్యాయం. రాగిసంగటి, ఊరుబిండి, ఉగ్గాని బజ్జీ... బావ డైటు ఇదే అని ముందే ప్రకటించాడు.

బడ్జెట్: 1,500 కిలోమీటర్లకి బుల్లెట్ లీటరుకి 35 ఇస్తే 43 లీటర్లు. మీ ఊళ్ళో ఇవాళ్టి రేటుతో హెచ్చించుకోండి. దానికి సగం తిండికి, సగం బసకి కలిపితే చాలు. అనుకోని రిపేరుకి ఇంకో రెండు వేలు విడిగా, జేబులో వేరే మడతలో.

అసలు కథ

'ద మోటార్‌సైకిల్ డైరీస్' అని 2004లో వాల్టర్ సాలెస్ తీసిన సినిమా ఉంది. మోటార్ సైకిల్ యాత్ర అనగానే కుర్రకారు దాన్ని తలుస్తారు. 1952లో ఎర్నెస్టో గెవారా అనే వైద్య విద్యార్థి, అతని స్నేహితుడు అల్బెర్టో గ్రనాడో పాత నార్టన్ మీద దక్షిణ అమెరికా చూడ్డానికి బయల్దేరిన నిజం కథ. ఆ బండికి 'మహాబలశాలి' అని పేరు పెట్టారు. మహాబలశాలి చిలీలోనే ప్రాణం విడిచింది! అక్కణ్ణుంచి నడకా, లారీలూ. నడిచారు గనకే ఆ ఎడారిలో పని వెతుక్కుంటూ పోతున్న గని కార్మికుడూ, అతని భార్యా తారసపడ్డారు. చలిలో ఆ జంట కప్పుకోడానికి దుప్పటి కూడా లేదు. ఆ రాత్రి తర్వాత ఆ కుర్రాడు వెనకటి మనిషిగా లేడు. చే గెవారా అయ్యాడు.

మేమేం చే గెవారాలం కాదులెండి. పదో రోజుకి తిరిగొచ్చి మాస్టారు బడికి, బావ మినుముకి, నేను ఈ కాలమ్‌కి చేరుకునేవాళ్ళమే. అయినా ఒక సంగతి నన్ను వదలడం లేదు.

మా కొమ్మమూరు కాలవలో పారేది కృష్ణ నీరు. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి, తర్వాత 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చాక, మా తాత ముత్తాతలు ఆ నీటితో మూడు పూటలా తిన్నారు. అదే కృష్ణ నీరు శ్రీశైలం నుంచి కాలవలెక్కి, పంపులెక్కి అనంతపురం చేరింది ఈమధ్యే, హంద్రీ-నీవా పుణ్యమా అని. అదీ అందరికీ కాదు. అంటే ఒకే నది. మాకు నూట డెబ్భై ఏళ్ళ కిందట వచ్చిన చుట్టం వాళ్ళ గుమ్మం ఇప్పుడే తొక్కింది. నీళ్ళ పంపకం మాటొస్తే మా ఊరి టీకొట్ల దగ్గర గొంతులు లేస్తాయి. సీమవాళ్ళు అడిగేదేంటో, వాళ్ళ చేను ఎలా ఉంటుందో చూసినవాళ్ళు ఆ గొంతుల్లో ఎందరు? మాస్టారు లేరు. నేను లేను.

మొన్న రాత్రి బావని అడిగాను, "ఇసుక మేసిన చేను చూసొచ్చి ఏం చేస్తావు బావా?" అని. చాలాసేపు మాట్లాళ్ళేదు. "ఏం చేస్తాన్రా! ఆ రైతుతో పాటు గట్టు మీద కాసేపు కూచుంటా. మిచౌంగప్పుడు నా గట్టు మీద ఎవడైనా కూచుంటే బాగుండనిపించింది" అన్నాడు.

ఇక మాస్టారు బికనీరు ఎత్తలేదు.

కాబట్టి పాఠక మిత్రులారా, ముఖ్యంగా ఈ ఊళ్ళలో మోటార్ సైకిలు కొని ఎటు పోవాలో తెలీక బాపట్ల బీచికే పదిసార్లు తిరిగే కుర్రాళ్ళారా! డేరా కొనండి, పటం తియ్యండి. బికనీరు, లడక్ ఎక్కడికీ పోవు. ముందు మన మ్యాపులో ఉన్న ఎడారి చూడండి. వెళ్ళినచోట చెత్త పోయకండి, గట్లు తొక్కకండి, ఎవరి చేలోనైనా డేరా వేయాలంటే ముందు "అన్నా, ఉండొచ్చా?" అని అడగండి. ఆ అడగడంలోనే సగం యాత్ర ఉంది.

రాయదుర్గం, కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు పాఠకులెవరైనా ఇది చదువుతుంటే మాకో ఉపకారం చెయ్యండి. జనవరి ఆఖర్లో దిబ్బలు ఏ దారిన చూడాలి, నీళ్ళెక్కడ దొరుకుతాయి, ఏ టీకొట్టు ముందు బండ్లాపితే నాలుగు మాటలు చెప్పే పెద్దమనిషి కూచుంటాడు, ఇవన్నీ ఒక కార్డు ముక్క మీద రాసి పత్రిక చిరునామాకి పంపండి. అరిసెలు మావి. కబుర్లు మీవి.

తిరిగొచ్చాక మిగతా రీళ్ళు. అప్పటిదాకా సెలవు!